గోరీల దగ్గర దొరికే ప్రశాంతత: హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్ళొచ్చు, ఎక్కడ ఆగిపోవాలి

క్లుప్తంగా: ఊరు చూడటానికి వెళ్ళినప్పుడు అక్కడి సమాధుల తోటలో ఒక పూట గడపడం యూరప్, అమెరికాల్లో పాత అలవాటు. ఇప్పుడు మన పిల్లల ఫోన్లలోనూ ఆ ఫొటోలు కనిపిస్తున్నాయి. హైదరాబాద్‌లో అలాంటి ప్రశాంతమైన చోట్లు చాలానే ఉన్నాయి, కానీ అన్నీ ఒక రకం కావు. కొన్ని స్మారక కట్టడాలు, కొన్ని ఇవాళ్టికీ జనాజాలు, శవపేటికలు వచ్చే చోట్లు, మరికొన్ని సొంతవాళ్ళెవరూ మిగలనివి. ఆ తేడా తెలిస్తే వెళ్ళడం తప్పా ఒప్పా అన్న సందేహం చాలావరకు తీరుతుంది.

అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో ఆరు నెలలు వెళ్ళొచ్చిన తల్లిదండ్రులు చెప్పే విశేషాల్లో ఇదొకటి: "అక్కడ ఇళ్ళ మధ్యనే సమాధులు ఉంటాయి, జనం సాయంత్రం అక్కడే వాకింగ్ చేస్తారు." మొదటి వారం అటు తలతిప్పి చూడనివాళ్ళు కూడా రెండో నెలకల్లా ఆ చెట్ల కింద బెంచీ మీద కూర్చోవడం అలవాటు చేసుకుంటారు. ఇక్కడికి తిరిగొచ్చాక ఫ్లాట్ చూడటానికి వెళ్ళి, బాల్కనీలోంచి శ్మశానం కనిపిస్తే మాత్రం బేరం అక్కడితో ఆపేస్తారు. ఇందులో వింతేమీ లేదు. ఆ రెండు స్థలాలూ వేర్వేరు అవసరాల కోసం, వేర్వేరు చరిత్రల్లోంచి పుట్టాయి.

శ్మశానం తోట ఎలా అయింది

యూరప్‌లోనూ శ్మశానం మొదట్నుంచీ ప్రశాంతమైన చోటేమీ కాదు. పారిస్ నడిబొడ్డున ఇన్నోసెంట్స్ అనే పాత శ్మశానం ఉండేది. వందల ఏళ్ళపాటు శవాల మీద శవాలు పూడ్చడంతో దుర్వాసన, రోగాల భయం పెరిగి 1780లో దాన్ని మూసేశారు. ఇక ఊరి బయట కొత్త శ్మశానాలు పెట్టాల్సి వచ్చింది. అలా 1804లో తెరిచిందే పేర్ లాషేజ్. తొలి రోజుల్లో అంత దూరం వెళ్ళి తమవాళ్ళను పూడ్చడానికి జనం ఇష్టపడలేదు. అందుకని 1817లో నాటక రచయిత మోలియేర్, కథల కవి లా ఫోంతేన్‌ల అవశేషాలుగా భావించినవాటిని అక్కడికి తరలించారు. పెద్దవాళ్ళు ఉన్న చోటు అన్న పేరు రావడంతో మిగతావాళ్ళూ వచ్చారు. ఇవాళ ఆ 44 హెక్టార్ల తోటకు ఏటా లక్షల మంది సందర్శకులు వెళ్తున్నారు.

అమెరికాలో బోస్టన్ పక్కన మౌంట్ ఆబర్న్ 1831లో మొదలైంది. అప్పటికి ఆ దేశపు నగరాల్లో పెద్ద పార్కులు ఇంకా రాలేదు. చెరువులు, గుట్టలు, వంపు తిరిగిన దారులతో వేసిన ఆ శ్మశానానికే జనం సెలవు రోజున షికారు వెళ్ళేవారు. లండన్‌లో 1839లో తెరిచిన హైగేట్‌ను ఒక కంపెనీ నడిపింది. కార్ల్ మార్క్స్ సమాధి ఉన్న చోటు అదే. ఇప్పుడు టికెట్ కొని లోపలికి వెళ్ళాలి.

ఈ మూడింటిలోనూ జరిగింది దాదాపు ఒకటే. ఆరోగ్య సమస్య శ్మశానాన్ని ఊరి బయటకు పంపింది. కుటుంబానికి ఇంత జాగా అని శాశ్వతంగా అమ్మే పద్ధతి వచ్చింది. జాగా కొన్న కుటుంబం ఆదివారం పూలు పట్టుకుని వస్తుంది కాబట్టి దారి, చెట్టు, బెంచీ కావాల్సి వచ్చాయి. తర్వాత ఊరు పెరిగి దాన్ని చుట్టేసింది. బయట ట్రాఫిక్ ఎంత పెరిగితే లోపలి నిశ్శబ్దానికి అంత విలువ వచ్చింది. 2001లో చారిత్రక శ్మశానాల కోసం యూరప్‌లో ఒక సంఘం ఏర్పడింది. 2010 నాటికి వాటిని కలిపి ఒక సాంస్కృతిక యాత్రా మార్గంగానే గుర్తించారు.

మనం వెళ్ళమా, వెళ్తామా

తెలుగు హిందూ ఇళ్ళలో ఎక్కువమంది దహనం చేస్తారు. మూడో రోజు ఎముకలు ఏరి నదిలో కలిపాక ఆ మనిషికి నేల మీద గుర్తంటూ ఏమీ మిగలదు. చితి పేర్చిన చోట మర్నాడు ఇంకొకరి చితి లేస్తుంది. మళ్ళీ వెళ్ళి నిలబడటానికి చోటే లేనప్పుడు తోట ఎవరికోసం వేస్తారు? మనవాళ్ళను తలుచుకోవడం శ్మశానంలో కాక ఇంట్లో జరుగుతుంది: తద్దినం నాడు, పెత్రమాస నాడు, గోడ మీది ఫొటోకి దండ మార్చినప్పుడు. శ్మశానం మాత్రం పని జరిగే చోటు. కట్టెలు, పొగ, కాటికాపరి, త్వరగా ముగించి బయటపడాలన్న తొందర. వచ్చాక తలస్నానం చేయందే గడప దాటనివ్వరు. మైల అన్న మాట ఆ స్థలాన్ని మన దైనందిన జీవితం నుంచి పూర్తిగా వేరు చేసేసింది.

అక్కడ కలిగే ఆలోచనలకు కూడా మనం ఒక పేరు పెట్టి గడువు విధించాం. ప్రసూతి వైరాగ్యం, పురాణ వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడు చెప్తారు. మూడూ ఆ చోటు వదలగానే పోయేవే. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను కోసం తెల్లవార్లూ కూర్చున్న ఊళ్ళున్నాయి. అంటే శ్మశానం గురించి ఆలోచించడానికి మనకు అభ్యంతరం లేదు, పొద్దున్నే వెళ్ళి అక్కడ కూర్చోవడానికే ఉంది.

అయితే ఇది సగం మాటే. మంత్రాలయం వెళ్ళేది రాఘవేంద్రస్వామి బృందావనానికి. బ్రహ్మంగారి మఠంలో దండం పెట్టేది వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధికి. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎన్టీఆర్ ఘాట్, పీవీ ఘాట్ ఉన్నాయి. శ్మశానం అంటే వెనక్కి తగ్గే ఇల్లే దర్గా దగ్గర పిల్లవాడికి తాయెత్తు కట్టిస్తుంది. సమాధి దగ్గరికి వెళ్ళడం మనకు కొత్త కాదు. పూజ్యుల సమాధి అయితే మైల అంటదు, మామూలు మనిషిదైతే అంటుంది, అంతే తేడా.

పూడ్చే ఆచారం ఉన్న కుటుంబాల్లో ఆ తేడా కూడా లేదు. కరీంనగర్‌లో కొన్ని దళిత కుటుంబాలు దీపావళి నాడు పెద్దల సమాధులను కడిగి, పూలు పెట్టి, అక్కడే దీపాలు వెలిగించి టపాసులు కాలుస్తాయి. షబ్-ఎ-బరాత్ రాత్రి ముస్లింలు ఖబరస్తాన్‌కు వెళ్ళి ఫాతిహా చదువుతారు. క్రైస్తవులు నవంబరు 2న సమాధుల పండుగ చేస్తారు. సెమెట్రీ అన్న ఇంగ్లీషు మాటకు గ్రీకు మూలం "నిద్రించే చోటు". మన సంస్కృత సంప్రదాయం శ్మశానం అన్న మాటను "శరీరం పడుకునే చోటు" అని విడదీస్తుంది. తెలుగు క్రైస్తవుల సమాధి రాళ్ళ మీద "ప్రభువునందు నిద్రించిరి" అని ఉంటుంది. అన్ని చోట్లా నిద్రే. కొందరు పడుకున్నవాళ్ళ పక్కన కాసేపు కూర్చుంటారు, కొందరు లేపకూడదని దూరంగా జరుగుతారు.

ఏడు గుంబజ్‌లు, పైగా సమాధులు

హైదరాబాద్‌లో ఈ రకం ప్రశాంతతకు పెద్ద చిరునామా గోల్కొండ పక్కన ఇబ్రహీంబాగ్‌లోని కుతుబ్‌షాహీ సమాధులు. పాతబస్తీవాళ్ళు సాత్ గుంబద్ అంటారు. 106 ఎకరాలు, వందకు పైగా కట్టడాలు: సమాధులు, మసీదులు, బావులు, శవానికి చివరి స్నానం చేయించే హమాం. విస్తీర్ణంలో ఇది పారిస్ పేర్ లాషేజ్‌తో దాదాపు సమానం. 1591లో ఈ నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ సమాధి అన్నిటికంటే పెద్దది, ఎత్తు 42 మీటర్ల దాకా ఉంటుంది. 1687లో గోల్కొండ మొగలుల చేతికి చిక్కాక దౌలతాబాద్ కోటలో బందీగా చనిపోయిన చివరి సుల్తాను తానీషాకు మాత్రం ఇక్కడ చోటు దక్కలేదు. ఆయన్ను ఖుల్దాబాద్‌లో పూడ్చారు.

ఇక్కడి నిశ్శబ్దం దానంతట అది మిగిలింది కాదు. కుతుబ్‌షాహీలు పోయాక ఈ చోటు పాడుపడింది. 19వ శతాబ్దంలో మొదటి సాలార్‌జంగ్ బాగు చేయించి, చుట్టూ తోట వేయించారు. 20వ శతాబ్దంలో మరమ్మతుల పేరుతో గుమ్మటాల మీద సిమెంటు పూశారు. చెడు అక్కడే జరిగింది. సున్నంతో కట్టిన గోడ తడిని పీల్చుకుని మెల్లగా వదులుతుంది. పైన సిమెంటు పొర వేస్తే ఆ తడి బయటకు రాలేక లోపలే ఉండిపోయి, పూతను ఉబ్బించి, పెచ్చులుగా ఊడదీస్తుంది. 2013లో ఆగాఖాన్ ట్రస్ట్, పురావస్తు శాఖ కలిసి మొదలుపెట్టిన పనిలో ముఖ్యమైన భాగం ఆ సిమెంటును గీకి తీసి, మళ్ళీ డంగు సున్నం పూయడమే. మన తాతల ఇళ్ళ గోడలకు వాడిన సున్నం కూడా అలాంటిదే. గానుగలో రోజుల తరబడి నూరితే గాని పనికి రాదు. అదే ఏడాది వానలకు కొంత కూలిన బడీ బావిని కూడా పునరుద్ధరించారు. పదేళ్ళకు పైగా సాగిన పని 2024 జులైలో పూర్తయింది.

గుమ్మటం కింద నిలబడితే ప్రశాంతత ఎలా పుడుతుందో అర్థమవుతుంది. మందపాటి గోడలు ఎండను లోపలికి రానివ్వవు. మాట్లాడితే మాట గుండ్రంగా తిరిగి పైనుంచి మళ్ళీ వినిపిస్తుంది. దాంతో బోర్డు అవసరం లేకుండానే ఎవరైనా గొంతు తగ్గిస్తారు. మధ్యలో మెట్లు మెట్లుగా చెక్కిన నల్లరాతి గోరీ, దాని మీద అరబ్బీ అక్షరాలు. మహమ్మద్ కులీ సమాధిలో పైన కనిపించేది గుర్తు మాత్రమే, అసలు ఖననం కింద నేలమాళిగలో ఉంది.

సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలోని పైగా సమాధులు ఇంకో తరహా. పైగాలు నిజాం తర్వాత అంతటి హోదా ఉన్న కుటుంబం. 18వ శతాబ్దం చివరినుంచి తరతరాలవాళ్ళను ఇక్కడే పూడ్చారు. పెద్ద గుమ్మటాలేవీ లేవు. నడుము ఎత్తు నుంచి తల ఎత్తు దాకా పాలరాతి, సున్నపు జాలీలు, అంటే చిల్లులు చెక్కిన తెరలు. ఒక జాలీ నమూనా పక్కదానితో కలవదు. పొద్దున ఏటవాలు ఎండలో ఆ నక్షత్రాలు, షట్కోణాలు నేల మీదా గోరీల మీదా పడి, గంట గంటకూ జరుగుతుంటాయి. చుట్టూ ఇరుకు బస్తీ, ఆటోల మోత. గోడకు ఇవతల మాత్రం పావురాల రెక్కల చప్పుడు వినపడేంత నిశ్శబ్దం. గోల్కొండ చూసి వెళ్ళిపోయే యాత్రికుల్లో చాలామంది ఇక్కడికి రాకపోవడం బాధాకరమే.

గేటు దగ్గర అడిగే ప్రశ్న

ఇవాళ్టికీ ఖననాలు జరిగే చోట్ల లెక్క వేరు. నారాయణగూడ క్రైస్తవ సమాధుల తోటలో నవంబరు 2 పొద్దున్నే కుటుంబాలు బకెట్లు, చీపుర్లు, బంతిపూల సంచులతో దిగుతాయి. ఒకరు రాయి రుద్దుతుంటే ఇంకొకరు సన్న కుంచెతో నల్ల ఎనామిల్ పెయింటు ముంచి, ఏడాదిలో వెలిసిపోయిన పేరును అక్షరం అక్షరంగా దిద్దుతారు. సాయంత్రానికి కొవ్వొత్తుల వెలుగు. చూడటానికి అందమైన దృశ్యం, కానీ అది చూడటానికి పెట్టిన దృశ్యం కాదు. మామూలు రోజుల్లో గేటు దగ్గర మనిషి "ఎవరి దగ్గరికండీ?" అని అడుగుతాడు. చెప్పడానికి పేరు లేని సందర్శకుడు అనుమతి అడిగి వెళ్ళడం, లోపల కార్యక్రమం జరుగుతుంటే వెనక్కి రావడం కనీస మర్యాద.

పాతబస్తీలోని దాయరా మీర్ మోమిన్ కూడా ఇలాంటిదే. చార్మినార్ కాలంలో నగర నిర్మాణంలో ముఖ్యుడైన పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ దీన్ని ఏర్పాటు చేశారు. కర్బలా మట్టి తెచ్చి ఇక్కడ చల్లించారని చెప్తారు. సాలార్‌జంగ్ కుటుంబీకులు ఉన్నదీ ఇక్కడే. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా బొమ్మ ముందు క్యూ కట్టేవాళ్ళకు, ఆ సేకరణ చేసిన మనిషి ఎక్కడ పడుకున్నాడో తట్టదు.

నాంపల్లిలో యూసుఫైన్ దర్గా ఉంది. ఉర్దూ కవులు అమీర్ మీనాయి, దాగ్ దెహల్వీ ఆ ఆవరణలోనే ఉన్నారు. అక్కడ కోరేది నిశ్శబ్దం కాదు. ఖవ్వాలీ, గులాబీల వాసన, మొక్కుల రద్దీ ఉంటాయి. జనం మధ్యలోనే ఊరట దొరుకుతుంది. దానికి దగ్గర్లోనే షా ఖామోష్ దర్గా. ఖామోష్ అంటే మౌనం. జీవితమంతా సభల్లో గొంతెత్తి కవిత్వం చదివిన మఖ్దూం మొహియుద్దీన్ 1969లో ఆ మౌనస్వామి పక్కన ఖబరస్తాన్‌కే చేరారు.

కొన్ని చోట్లకు అసలు వెళ్ళకూడదు. సికింద్రాబాద్‌లో పార్సీగుట్ట అన్న పేరు పార్సీల అంతిమ సంస్కార స్థలం వల్ల వచ్చింది. వాళ్ళ ఆచారం ప్రకారం ఇతరులకు అందులోకి ప్రవేశం లేదు. ఆ పేరు వెనక కథ తెలుసుకుని గోడకు ఇవతల ఆగిపోవాలి.

పేరు మిగిలి, మనుషులు పోయిన చోట

మూసారాంబాగ్ మెట్రో స్టేషన్‌లో రోజూ దిగేవాళ్ళలో చాలామందికి ఆ మూసారాం ఫ్రెంచివాడని తెలియదు. రెండో నిజాం సైన్యంలో పనిచేసిన మిషెల్ రేమండ్‌ను ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు. గన్‌ఫౌండ్రీ ఫిరంగుల కర్మాగారం పేరుతోనూ ఆయనకు సంబంధం ఉంది. 1798లో చనిపోతే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద నల్లరాతి స్తంభం నిలబెట్టారు. పక్కనున్న స్తంభాల మండపం 2001 వానలకు కూలితే మళ్ళీ కట్టారు. ఆయన వంశంవాళ్ళు ఇక్కడ లేరు. ఆ గుట్ట మీదికి ఎక్కేవాళ్ళే ఆయనకు చుట్టాలు.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు బ్రిటిష్ కాలపు శ్మశానాలూ అంతే. ఆ కాలపు రాళ్ళు చదివితే ఇరవై, పాతికేళ్ళ సిపాయిలు, నెలల పిల్లలు ఎక్కువగా కనిపిస్తారు. కలరా, జ్వరాలు ఎంతమందిని తీసుకుపోయాయో ఆ వయసులే చెప్తాయి. రొనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది ఇక్కడి బేగంపేటలోనే. ఇక ఉప్పుగూడలో 17వ శతాబ్దపు ఆర్మేనియన్ల గోరీలున్నాయి. గోల్కొండ వర్తకం నడిచిన రోజుల్లో అంత దూరం నుంచి వచ్చి ఇక్కడే మట్టిలో కలిసినవాళ్ళు. మచిలీపట్నం, భీమిలి డచ్చి సమాధులు కూడా ఆ వర్తకం మిగిల్చినవే.

సందర్శకుల ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. కుటుంబాలు వచ్చిపోయే చోట బయటి మనిషి అదనం. ఎంత తక్కువగా, ఎంత నిశ్శబ్దంగా వెళ్తే అంత మంచిది. కుటుంబాలు మిగలని చోట బయటి మనిషి రాకపోతే ముళ్ళకంప పెరుగుతుంది, చెత్త పడుతుంది, ఓ రోజు గోడ జరుగుతుంది. ఖబరస్తాన్‌లు చాలావరకు వక్ఫ్ (ధర్మానికి రాసిచ్చిన) భూములు, అమ్మకూడదన్నది సూత్రం. నగరంలో గజం ధర ఇంత పెరిగాక కాగితం మీది సూత్రం ఒక్కటే సరిపోదు. అడపాదడపా వచ్చి చూసే కళ్ళు ఉంటే ఆక్రమణకు జంకుతారు.

జనం పెరిగితే ఏమవుతుంది

సందర్శకులు పెరిగితే టికెట్టు, టాయిలెట్లు, కాపలా, దీపాలు వస్తాయి. ఇబ్రహీంబాగ్ లాంటి విశాలమైన చోటు దాన్ని తట్టుకుంటుంది. ఢిల్లీలో సయ్యద్, లోధీ సుల్తానుల సమాధుల చుట్టూ 1936లో వేసిన తోట ఇవాళ నగరానికి ఊపిరి. పైగా సమాధులు మాత్రం తట్టుకోలేవు. సున్నపు జాలీకి వీపు ఆనించి నిలబడే ఒక్క ఫొటోషూట్ చాలు, పువ్వు రేకు విరగడానికి. విరిగింది మళ్ళీ చెక్కేవాళ్ళు ఈ నగరంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. పెళ్ళికి ముందు తీసే వీడియోలకు వెనక గోరీ ఉండటం ఆ గోరీ తాలూకు కుటుంబానికి ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి.

వెళ్ళేవాళ్ళు పాటించాల్సినవి కొన్నే. గోరీల మధ్య దారి లేకపోతే చుట్టూ తిరిగి వెళ్ళాలి, మీద కాలు వేయకూడదు. మసీదు, దర్గా ఆవరణలో చెప్పులు విడవాలి, తల కప్పుకోవాలి. ఏడుస్తున్నవాళ్ళకు ఎదురుగా ఫోను తీయకూడదు. దేవగన్నేరు పువ్వు కింద పడి ఉన్నా అక్కడే ఉండనివ్వాలి. ఇంటికొచ్చాక తలస్నానం చేయాలా వద్దా అన్నది ఇంటి ఆచారం. మనసుకు టెన్షన్ లేకుండా ఉండటమే ముఖ్యం కాబట్టి చేయడమే నయం అనుకునేవాళ్ళు చేయొచ్చు.

పాత రాళ్ళ మీది రాతను చదవడానికి కొందరు సుద్ద పూస్తారు, నీళ్ళు పోసి బ్రష్షుతో రుద్దుతారు. రెండూ రాయిని తినేసేవే. పొద్దున ఏడు, ఎనిమిది గంటలకు వెళ్తే ఎండ పక్కనుంచి పడి, ప్రతి అక్షరం అంచుకూ సన్నటి నీడ వస్తుంది. మధ్యాహ్నం కనిపించని పేరు ఆ వెలుగులో చదవగలం. ఆ సమయంలో రాయికి ఎదురుగా నిలబడి ఒక ఫొటో తీసి, పేరు, ఏడాది, చోటు రాసి పెట్టుకుంటే చాలు. ఉప్పుగూడ లాంటి చోట వచ్చే వానాకాలం తర్వాత ఆ రాత మిగలకపోవచ్చు.